మూగ విలుకత్తెకి జవాబు

జూన్ 4

అక్కా,

దొంగ అన్నావు, పడ్డాను. పనికిమాలినవాడన్నావు, అదీ పడ్డాను, కొత్తేం కాదు. కానీ నిన్న ఫోన్ పెట్టేసే ముందు "చచ్చిపోయినదాన్ని స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టించుకుంటున్నావు" అన్నావే, అది మాత్రం పడను. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. అందుకే కాగితం పట్టుకున్నా. మధ్యలో నువ్వు "నోర్ముయ్" అన్నా నాకు వినపడదు.

ఆ నాటకం మన చిన్నక్క గురించి కాదు. నేను ఇక్కడ సెట్లు కొట్టే పనిలో చేరేనాటికే డైరెక్టరమ్మ రాసి పెట్టుకుంది. అందులో ఒక అక్క, ఒక చెల్లెలు. చెల్లెలు పోతుంది. దాని నోట్‌బుక్ అక్కకి దొరుకుతుంది. చూస్తే అందులో గుహలు, రాక్షసులు, రెక్కల పాము. చెల్లెలు ఎలాంటి మనిషో తెలుసుకోవాలని అక్క ఆ ఆట మొదటినుంచీ ఆడుతుంది. మన ఇంటి కథలా ఉందంటే అది నా తప్పా?

నీకెలాగూ ఆ ఆట తెలీదు కాబట్టి చెబుతున్నా. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో వేషం ఎంచుకుంటారు, ఒకడు మంత్రగాడు, ఒకడు తాళాల దొంగ. "నేను గోడెక్కుతా" అంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే ఎక్కినట్టు, చిన్నది పడితే నడుం విరిగినట్టు. కథ నడిపేది ఎప్పుడూ మన చిన్నక్కే. ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసి వచ్చి, సాయంత్రం గుహల ప్లాన్లు గీసేది.

ఇక నోట్‌బుక్ సంగతి. స్టేజీ మీద వాడటానికి వీళ్లు ఒక డొల్ల నోట్‌బుక్ చేశారు. లోపలన్నీ తెల్ల కాగితాలు. అక్క వేషం వేసే ఆవిడ నాలుగు రోజులు చూసి, "తెల్ల కాగితం చూసి నాకు ఏడుపు రాదండీ" అంది. ఆవిడని చూస్తే జాలేసింది. చిన్నక్క నోట్‌బుక్ నా పెట్టెలో ఊరికే ఉంది కదా అని తెచ్చిచ్చా. అంతే. రిహార్సల్ అయ్యాక రోజూ లెక్కగా వెనక్కి తీసుకుంటున్నా. మీద టీ కప్పు పెట్టనివ్వను.

ఇంకోటి. పేపర్లో ఆ నాటకం గురించి చదివానన్నావు. "అక్క చెల్లెలి మ్యాపు చించేస్తుంది, ఆ సంగతి నువ్వే ఊదావు" అన్నావు. నేనేం ఊదాను? నువ్వు చిన్నక్క మ్యాపు చించావా? ఎప్పుడు? నాకెందుకు తెలీదు?

నీ కోతి

తా.క. నోట్‌బుక్‌లో ఆటగాళ్ల పేర్ల పక్కన అందరి వేషాలూ ఉన్నాయి. "మూగ విలుకత్తె" అని ఒక వేషం పక్కన మాత్రం మనిషి పేరు లేదు. ఎవరో నీకేమైనా తెలుసా?


జూన్ 9

ఒరేయ్,

ఎంత తెలివి మీరావురా. నాలుగు పేజీలు రాసి, ఇంటి వస్తువు అడక్కుండా బయటివాళ్ల చేతికిచ్చానని ఒప్పుకోవడానికి మాత్రం ఒక్క లైను ఖర్చు పెట్టలేదు. ఆవిడకి ఏడుపు రాకపోతే ఉల్లిపాయ ఇవ్వకపోయావా?

తొమ్మిదో తరగతిలో బడి మానేశావు, సరే అనుకున్నాం. లారీ మీద తిరిగావు, ప్రెస్సులో చేరావు, ఐస్ ఫ్యాక్టరీలో మూడు వారాలు. ఇప్పుడిది. ఎక్కడా నిలవని వాడికి ఏ వస్తువు విలువైనా ఎలా తెలుస్తుంది? అమ్మ పోయాక మీ ఇద్దర్నీ పెంచింది నేను. ఇద్దరూ నా మాట వినలేదు.

మ్యాపు గురించి అడిగావు. అప్పుడు నువ్వు లారీ మీద ఉన్నావు. అదీ నేనూ మాట్లాడుకోవడం మానేశామని నీకు తెలుసు, ఎందుకో తెలీదు. ముప్ఫై ఏళ్ల మనిషి వారం వారం ఇల్లంతా స్నేహితుల్ని పోగేసి రాక్షసులు, పాచికలు అంటుంటే ఒకరోజు నాకు ఒళ్లు మండింది. బల్ల మీద పరిచిన కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. అందరి ముందూ. అది ముక్కలు ఏరుకుని, మర్నాడు పెట్టె సర్దుకుని మీ ఊరు వెళ్లిపోయింది. ఇప్పుడు తెలిసిందిగా. ఇక అడగకు.

ఆ విలుకత్తె ఎవరో నాకేం తెలుస్తుంది. ఊళ్లోవాళ్ల వేషాలన్నీ నా రిజిస్టర్లో రాసుకుంటానా? ఆ సంగతి వదిలెయ్. నోట్‌బుక్ వెంటనే రిజిస్టర్ పోస్టులో పంపు.

షాపులో పని ఎక్కువగా ఉంది. లెన్సు అరగదీసే మిషన్ మొరాయిస్తోంది. బావ బాగానే ఉన్నాడు.

ఆ నాటకంలో అక్క చివరికి ఏం చేస్తుంది? ఊరికే అడుగుతున్నా.

అక్క


జూన్ 13

అక్కా,

చివరికేం చేస్తుందో డైరెక్టరమ్మకే ఇంకా తెలీదు. సోమవారం అక్క రెక్కల పాముని చంపింది. మంగళవారం పాము పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. పాముని నేనే చేశానులే, పాత గొడుగుల ఊచలు, ఆకుపచ్చ కర్టెను. రెక్క తెరిస్తే ముందు వరసలో వాళ్ల మొహానికి గాలి తగులుతుంది. నువ్వు ఒకసారి చూడాలి.

రిహార్సల్లో అక్క వేషం ఆవిడ మొదటిసారి పాచిక వేస్తే అది దొర్లుకుంటూ స్టేజీ దిగి లైట్లవాడి కాళ్ల దగ్గర ఆగింది. "నీ చెల్లెలు ఇంకా నిన్ను పరిగెత్తిస్తూనే ఉంది" అన్నాడు వాడు. డైరెక్టరమ్మ ఆ మాట నాటకంలో పెట్టేసింది.

ఇప్పుడు అసలు సంగతి విను. నువ్వు వదిలెయ్ అన్నావు కాబట్టే వదలబుద్ధి కాలేదు. చిన్నక్కతో ఆడే నర్సు దగ్గరికి వెళ్లా. హాస్పిటల్ క్యాంటీన్‌లో ఇరవై నిమిషాలు దొరికింది. ఏం చెప్పిందో తెలుసా?

"ఆ విలుకత్తె ఒక్కసారి కూడా బల్ల దగ్గరికి రాలేదు బాబూ. మీ అక్క బ్యాగులోంచి చీటీ తీసి చదివేది. విలుకత్తె ఇవాళ ఇలా చేసిందట అని పాచిక తనే వేసేది. మేం ఎవరే ఆవిడ అంటే, మాట్లాడదు, అంతే అనేది. మేమంతా మీ అక్కే కల్పించుకుందనుకున్నాం."

కల్పించుకోలేదు. నోట్‌బుక్ వెనక అట్టకున్న జేబులో చీటీలు దొరికాయి. పదకొండు. అక్షరాలు ఎడమచేత్తో రాసినట్టు అష్టవంకరలు. "విలుకత్తె మంటకి పది అడుగుల దూరంలో కూర్చుంది." "విలుకత్తె తన వంతు నీళ్లు గాయపడ్డవాడికి ఇచ్చింది." ఇలాంటివి. తేదీలు చూస్తే రెండేళ్ల పాటు పంపినట్టున్నాయి.

అన్నిటికంటే చిత్రం, ఒక చీటీ వెనక కళ్లజోడు పవర్ రాసి ఉంది! పైన షాపు పేరు కత్తిరించేశారు. కుడి కన్ను మైనస్ రెండున్నర, ఎడమ మైనస్ మూడు. అక్కా, నువ్వు కళ్లజోళ్ల షాపులో ఉండి కూడా ఈ కేసు తేలకపోతే ఇంకెక్కడ తేలుతుంది? ఆ పవర్ ఉన్న మగవాళ్ల లిస్టు తీసి పంపు. మగవాడే అయ్యుంటాడు. చిన్నక్క మనసులో ఎవరో ఉన్నారు, మనకి చెప్పలేదు, అంతే.

మా సౌండ్ ఆపరేటర్ది సీసా అడుగంత మందం కళ్లజోడు. నిన్న తిన్నగా అడిగేశా, "మీ పవరెంత సార్?" అని. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని "ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అన్నాడు. ఆయన కాదు, ప్లస్.

చివరి చీటీ మాత్రం జేబులో లేదు. చివరి పేజీ మ్యాపుకి గుండుసూదితో గుచ్చి ఉంది. "విలుకత్తె విల్లు బయట పెట్టి తలుపు తట్టింది. లోపలికి రానిస్తారా?" అని. ఆ మ్యాపులో గుహ చివర ఒక గది, మధ్యలో మంట. చిన్నక్క ఏం చేసిందో చూడు. ఆ గదికున్న తలుపుని రబ్బరుతో చెరిపేసింది. ఇప్పుడక్కడ తలుపే లేదు. పాపం వాడెవడో.

ఏం గొడవైందంటావు?

నీ కోతి


జూన్ 17

తలుపు చెరిపేసిందా? సరిగ్గా చూశావా?

నోట్‌బుక్ పంపొద్దు. నాకొద్దు. ఆవిడనే పెట్టుకోమను, స్టేజీ మీద చించుకోమను, మీ ఇష్టం.

లిస్టులేం లేవు. ఆ పవర్ మా వీధిలో ఉండే లెక్కల మాస్టారిది. డెబ్బై రెండేళ్లు. ఆయన జోలికి పోకు.

అక్క


జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మూడు లైన్లకి ఒక్కోసారి పది నిమిషాలు పట్టింది. పోయిన వారం నోట్‌బుక్ కోసం నన్ను పీక్కుతిన్నావు. ఇప్పుడు చించుకోమంటున్నావు. ఏమైంది నీకు?

సరిగ్గానే చూశా. లైటు కింద పెట్టి చూశా. చెరిపిన మరక కూడా ఉంది. గీత ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా పోతోంది, గోడే.

లెక్కల మాస్టారి చీటీ ఎవడి చేతికి వెళ్లింది? మీ షాపు నుంచేగా? అంటే వాడు మీ షాపుకి వచ్చేవాడు. నీకు తెలుసు వాడెవడో. నువ్వే ఏదో అని ఉంటావు వాడితో. మ్యాపు చించినట్టే వాణ్ణీ తరిమేసి ఉంటావు. అందుకే చిన్నక్క తలుపు తీసెయ్యాల్సొచ్చింది. చెప్పు, తప్పైతే తప్పని చెప్పు.

చిన్నక్క నన్ను ఒకసారి కూర్చోబెట్టి ప్లాన్లు చదవడం నేర్పబోయింది తెలుసా. "నువ్వు చేతిపని మనిషివిరా, గీత చదవడం వస్తే నిన్ను పట్టేవాడుండడు" అంది. రెండు రోజులు కూర్చున్నా. మూడో రోజు లారీ ఎక్కా. ఇప్పుడు మేస్త్రి ప్లాను ఇచ్చి ఇది కొట్టు అంటే, అర్థమైనట్టు తలూపి, ఆయన అటు తిరగ్గానే పక్కవాడిని అడుగుతున్నా. ఎవరికీ చెప్పకు.

ఆ విలుకత్తె మీద నాకు ఇష్టం ఏర్పడింది. చీటీలు వరసగా పేర్చి చదివా. మొదట గుంపుకి నలభై అడుగుల వెనక నడిచేది. తర్వాత ఇరవై. తర్వాత పది. ఒక్క మాటైనా మాట్లాడకుండా రెండేళ్లు నడిచి నడిచి తలుపు దాకా వచ్చింది. అలాంటిదాన్ని బయటే వదిలేసే మనిషి కాదు మన చిన్నక్క. నాకిది మింగుడు పడటం లేదు. అందుకే అడుగుతున్నా, పోట్లాడటానికి కాదు.

కోతి


జూన్ 25

తమ్ముడూ,

ఆ చీటీలు నావి.

ఎడమచేత్తో రాసినట్టు ఉన్నాయన్నావు, ఎడమచేత్తోనే రాశాను. లెక్కల మాస్టారి కాగితం పొరపాటున చేతికొచ్చింది. ఆయనకి కళ్లజోడు ఇచ్చేశాక అది చెత్తబుట్టలో వెయ్యాల్సింది.

అది వెళ్లిపోయాక ఎనిమిది నెలలు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఒకరోజు షాపులో ఒక కుర్రాడికి కళ్లు చూస్తుంటే వాడి సంచిలో ఆ ఆట పుస్తకం కనపడింది. కళ్లజోడు తయారయ్యేదాకా చదువుకుంటానని అడిగి తీసుకున్నాను. మూడు రోజులు ఆలస్యంగా చేసిచ్చాను కళ్లజోడు. తర్వాత ఒక చీటీ రాశాను. "ఒక మూగ విలుకత్తె మీ గుంపు వెంట నడవాలనుకుంటోంది. ఒప్పుకుంటారా?" కవరు మీద షాపు అడ్రసు ఒక్కటే. సంతకం లేదు. వారానికి జవాబొచ్చింది. "దూరంగా నడవచ్చు" అని.

నేనని దానికి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ రెండేళ్లలో ఇద్దరం ఒక్కసారి కూడా బయటపడలేదు. ఎలా ఉన్నావు అని అది రాయలేదు, తిన్నావా అని నేను రాయలేదు. అది ప్రతి శుక్రవారం ఆఫీసులో మ్యాపు జిరాక్సు తీసి పంపేది. దానిమీద విలుకత్తె ఎక్కడుందో చిన్న చుక్క. నాకు ఆ చుక్క చాలు. బావకి కూడా చెప్పలేదు. కౌంటరు మీద పాచిక వేసి చూసుకునేదాన్ని, అది అక్కడ ఏం వేసి ఉంటుందో అని.

చివరి చీటీ సోమవారం పోస్టు చేశాను. విలుకత్తె తలుపు తట్టడం ఆట కాదురా. నేను తట్టాను. శుక్రవారం జవాబు పంపుతుందని ఎదురుచూశాను. గురువారమే దానికి జ్వరం ఎక్కువైందని నర్సు ఫోన్. నేను వచ్చేసరికి మాట లేదు. శనివారం అయిపోయింది.

ఇన్ని నెలలూ, చీటీ అందలేదేమో, చదవలేదేమో అనుకుంటూ బతికాను. అందుకే నోట్‌బుక్ నువ్వు తెరవకూడదని గింజుకున్నాను. నువ్వు తెరిచావు. అందింది. చదివింది. గుండుసూదితో గుచ్చి మరీ, తలుపు తీసేసింది.

దాని తప్పేం లేదు. నేను చించింది నాలుగు ముక్కలు.

నీ మీద కోపం లేదు. ఉత్తరం రాయకు కొన్నాళ్లు.

అక్క


జూన్ 29

అక్కా,

రాయకు అన్నావు, రాస్తున్నా. ఇది ఆపకుండా చివరిదాకా చదువు. నిలబడి ఉంటే కూర్చో.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి ఏం చెయ్యాలో తోచక పనికొచ్చా. నువ్వే ఆ విలుకత్తెవని తెలిశాక, నేను నీకు రాసిన ప్రతి ముక్కా గుర్తొచ్చి చెంపలు వాయించుకోవాలనిపించింది. నువ్వేనని తట్టలేదు చూడు! నీకు ఆ ఆట తెలీదని నేనే నీకు పాఠం చెప్పాను.

ఈ పొద్దున సెట్టు నిలబెడుతున్నాం. గుహ వెనక గోడ నాది. ప్లాను గళ్ల కాగితం మీద ఉంది. ప్లైవుడ్ కోశా, ఫ్రేముకి కొట్టా, ఈ చివర్నుంచి ఆ చివరికి బిగించా. మేకు కూడా బయటికి కనపడదు. నా అంతటివాడు లేడనుకున్నా. మేస్త్రి వచ్చి చూసి, సుత్తి కింద పడేశాడు.

"దారి మూసేశావేంట్రా!"

"దారెక్కడుంది? ప్లాన్లో తలుపు లేదుగా మేస్త్రీ."

"తలుపు లేదంటే గోడ ఉందనా? కళ్లు పెట్టి చూడు. ఇక్కడ సిరా గీత ఆగింది. అక్కడ మళ్లీ మొదలైంది. మధ్యలో ఉన్నది గళ్ల కాగితం గీత! అచ్చు గీతని పట్టుకుని గోడ అంటావా? తలుపు పెట్టొద్దు, తెరిచి ఉంచు అని దానర్థం!"

అక్కా, చిన్నక్క నోట్‌బుక్ కూడా గళ్లదే.

నేను పరిగెత్తా. గ్రీన్‌రూమ్‌లో అక్క వేషం ఆవిడ చేతిలోంచి లాక్కున్నా. "ఏమయ్యా!" అంటోంది పాపం. కిటికీ దగ్గర పెట్టి చూశా. రబ్బరు మరక తలుపు రెక్క ఉన్న చోటా, దానికి రెండు పక్కలా కొంచెం దూరమూ ఉంది. అదంతా పెన్సిల్ గీత. చెరిగింది అదొక్కటే. మిగతా గోడ సిరాతో గీసింది. రెండు పక్కలా ఆగిపోయింది. ఆగిన చోట రెండు చివర్లకీ చిన్న అడ్డగీతలు గీసి మూసింది. అవీ సిరానే, కొత్తవి, మిగతా గీతల కంటే నల్లగా ఉన్నాయి. మధ్యలో నేను గోడ అనుకున్నది అచ్చు గీత. మేస్త్రికి చూపించా, నా మాట నేను నమ్మనని. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూశాడు. "గీసినవాళ్లకి పని తెలుసు. తలుపు తీసేసి దారి వదిలారు" అన్నాడు.

నర్సుకి ఫోన్ చేశా. తేలనిది పెన్సిల్‌తో గీసేదట. తేలిపోయినదే సిరాతో. ఒకసారి సిరా పడిందంటే ఇక పాచిక కూడా వెయ్యనిచ్చేది కాదట.

శుక్రవారం జిరాక్సు తీసి నీకు పంపాల్సింది. శుక్రవారం తను హాస్పిటల్లో ఉంది. అంతే అక్కా. ఇంకేం లేదు.

ఇంకొకటి చూశా, నీకు చెప్పకుండా ఉండలేను. ఆ ఖాళీ పక్కన చిన్నగా కొలత రాసింది. తలుపు ఉన్నప్పుడు రెండున్నర అడుగులు అని ఉండేది, దాన్ని కొట్టేసి ఐదు అడుగులు అని దిద్దింది. రెండు పక్కలా గోడ వెనక్కి జరిపింది. నేను టేపు తీసి నేల మీద పరిచి చూశా. ఐదడుగులంటే ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచి వెళ్లొచ్చు. విలుకత్తె చుక్క గుమ్మం బయట ఉంది. చుక్క పక్కన ఇంకో చుక్క ఉంది, లోపలివైపు కాదు, బయటివైపే. పేరు లేదు. ఎవరని నన్నడక్కు. నీకే తెలియాలి.

నాటకం చివర అక్క ఏం చేస్తుందని అడిగావు. డైరెక్టరమ్మ తేల్చేసింది. పాముని చంపదు, కబుర్లూ చెప్పదు. పాచిక బల్ల మీద పెట్టేసి ఆ గుహలోకి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. అందుకే అక్కడ దారి కావాలి. దానికే నేను ప్లైవుడ్ కొట్టి కూర్చున్నా.

శనివారం మొదటి ఆట. మూడో వరసలో చివరి సీటు నీకని చెప్పి ఉంచా. పోస్టులో పంపను, నోట్‌బుక్ నీ చేతికే ఇస్తా. ఈ ఉత్తరం ప్లైవుడ్ ముక్క మీద పెట్టి రాస్తున్నా, అందుకే అక్షరాలిలా ఉన్నాయి. సగం మేకులే పీకాను. మేస్త్రి కేకేస్తున్నాడు, నాకు వినపడనట్టు నటిస్తుంటే ఇప్పుడు బూతులు మొదలుపెట్టాడు. వెళ్లాలి అక్కా, ఆ దారి తెరవాలి, వెళ్తున్నా